మీ చిన్న భాషలో ఏం ఉంచాలి, ఏం వదిలేయాలి

ఒక కాలేజీ హాస్టల్లో మెస్ బిల్లులు లెక్కకట్టడానికి నేనొక చిన్న ప్రోగ్రామింగ్ భాష రాశాను. మెస్ సెక్రటరీలుగా ఉండే విద్యార్థులు ఏటా మారతారు, వాళ్లతో పాటు నియమాలూ మారతాయి. ఎవరి నియమాలు వాళ్లే రాసుకోగలగాలని ఆ ప్రయత్నం. మొదటి వెర్షన్‌లో ఏడే కీవర్డులు. వ్యాకరణం మొత్తం ఒక్క పేజీలో పట్టింది. చాలా తృప్తిగా అనిపించింది.

రెండు నెలలయ్యాక వాళ్ల ఫైళ్లు తెరిచి చూశాను. ప్రతి ఫైలు మొదట్లోనూ దాదాపు అవే నలభై లైన్లు. పైసల్ని రౌండ్ చేయడానికి కొన్ని, పేరు పక్కన ఖాళీలు నింపడానికి కొన్ని, రెండు సంఖ్యల్లో చిన్నది తేల్చడానికి కొన్ని. ఒకరి దగ్గర నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ, మధ్యలో తలా ఒక మార్పు చేసుకుంటూ పోయారు. నేను భాషలోంచి తీసేసిన పని ఎక్కడికీ పోలేదు. వాళ్ల నెత్తిన పడింది, అదీ ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తప్పుతో.

అప్పటి నుంచి ఏ ఫీచర్ గురించైనా ముందు అడిగే ప్రశ్న ఒకటే: దీన్ని నేను వదిలేస్తే ఆ పని ఎవరు చేస్తారు, ఎన్నిసార్లు చేస్తారు? మీరు కూడా ఒక భాష మొదలుపెట్టబోతుంటే, ఈ ప్రశ్నను పట్టుకుని ఎలా ముందుకు వెళ్లాలో వరసగా చెబుతాను.

1. పార్సర్ కంటే ముందు పది ప్రోగ్రాములు

పార్సర్, అంటే కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగం, రాయకముందే ఇంకా పుట్టని భాషలో పది ప్రోగ్రాములు కాగితం మీద రాయండి. మీకు నచ్చిన అల్గారిదమ్‌లు కాదు, ఆ భాష వాడబోయేవాళ్లు రేపు పొద్దున రాయాల్సినవి. ఆరేడు రోజువారీ పనులు, ఒకటో రెండో అరుదుగా వచ్చేవి. డేటాలో తప్పున్నప్పుడు ఏం జరగాలో చూపించేది ఒకటి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే.

నా నోట్‌బుక్‌లో మొదటిది ఇలా ఉండేది:

రోజు_రేటు = మొత్తం_ఖర్చు / మొత్తం_హాజరు
ప్రతి విద్యార్థి:
    బిల్లు = హాజరు * రోజు_రేటు + అతిథులు * అతిథి_రేటు
    హాజరు < 10 అయితే బిల్లు = బిల్లు + కనీస_ఛార్జీ

మన హాస్టళ్లలో డివైడింగ్ సిస్టమ్ అంటారే, అదే ఇది. ఇక్కడ ‘అయితే’ షరతు తర్వాత వచ్చింది చూడండి. మొదట ఇంగ్లిష్ భాషల అలవాటులో ముందు పెట్టి చూశాను, చదివిన ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం ఆగారు. తెలుగులో షరతు చెప్పాకే ‘అయితే’ అంటాం. పార్సర్‌లో దానికి కాస్త ఎక్కువ పని పడింది, కానీ ఆ పని నేను ఒక్కసారి చేస్తే సరిపోతుంది.

ఈ అడుగు దాటవేయకండి. లువా భాష 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. అప్పుడు వాళ్ల ముందున్నది పెట్రోబ్రాస్ అనే చమురు సంస్థకు చేస్తున్న సాఫ్ట్‌వేర్. వాడబోయేవాళ్లలో చాలామంది ఇంజినీర్లు, భూగర్భ శాస్త్రవేత్తలు, అంటే ప్రోగ్రామింగ్ వృత్తిగా లేనివాళ్లు. అందుకే వింత గుర్తులు ఉండకూడదని ముందే అనుకున్నారు. చిన్నగా ఉండటం మాత్రమే వాళ్ల లక్ష్యమైతే ఆ భాష ఇంకోలా ఉండేది.

2. చాలా పనులు చేసే ఒక్క వస్తువును వెతకండి

పది ప్రోగ్రాములు ముందు పెట్టుకుని, వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే వస్తువేదో చూడండి. స్కీమ్ అనే భాషకు అది ఫంక్షన్. లువాకు అది టేబుల్. లువాలో అర్రే కావాలన్నా, రికార్డు కావాలన్నా, మాడ్యూల్ కావాలన్నా, ఆబ్జెక్ట్ కావాలన్నా అన్నిటికీ టేబులే. ఒక్క దాన్ని నేర్చుకుంటే సగం భాష వచ్చినట్టే.

అయితే దీనికి ధర ఉంది, అది మీరు ముందే చూడాలి. లువాలో 10, నిల్ (అంటే ఏమీ లేదని), 30 అని మూడు విలువలతో టేబుల్ చేసి దాని పొడవు అడిగితే 3 అని రావచ్చు, 1 అని కూడా రావచ్చు. రెండూ మాన్యువల్ ప్రకారం ఒప్పే, ఎందుకంటే మధ్యలో ఖాళీ ఉన్న టేబుల్‌కు పొడవు ఇంత అని భాష మాట ఇవ్వదు. ఇంకో చోట కూడా ఇది తగులుతుంది. ఖాళీ టేబుల్‌ను జేసన్‌గా (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే రాత రూపం అది) మార్చాలంటే ఖాళీ జాబితాగా రాయాలా, ఖాళీ రికార్డుగా రాయాలా? టేబుల్‌కు తెలియదు. ప్రతి జేసన్ లైబ్రరీ తనకు తోచిన సమాధానం ఎంచుకుంటుంది, వాడేవాడు అది తెలుసుకుని గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి మీ వస్తువుకు ఈ పరీక్ష పెట్టండి: దాన్ని వాడేవాడు ఎక్కడైనా ఆగి ‘ఇప్పుడిది ఏ రూపంలో ఉంది’ అని అడగాల్సి వస్తోందా? వస్తే రెండు వస్తువుల్ని ఒకే పేరు కింద దాచారన్నమాట. నేను జాబితా, రికార్డు వేరు వేరుగానే ఉంచాను. కీవర్డుల లెక్క ఒకటి పెరిగింది, దానికి బాధపడలేదు.

3. ప్రతి ఫీచర్‌కూ నాలుగు చోట్లలో ఒకటి

‘ఇది ఉండాలా, వద్దా’ అని వాదించుకుంటే చర్చ తెగదు. చోట్లు నాలుగున్నాయి: భాషలోనే, భాషతో వచ్చే లైబ్రరీలో, బయటివాళ్లు రాసుకునే లైబ్రరీలో, అసలు వద్దు. ఏది ఎక్కడికి పోవాలో తేల్చడంలోనే అసలు పని ఉంది. ఇక్కడ తొందరపడకండి.

మొదటి ప్రశ్న: వాడేవాడు దీన్ని ఒక ఫంక్షన్‌గా రాసుకోగలడా? రాసుకోగలిగితే భాషలో పెట్టనక్కర్లేదు. షరతులు, లూప్‌లు, కొత్త పేర్లు పెట్టడం లాంటివి మామూలు ఫంక్షన్‌గా రాయడం చాలా భాషల్లో కుదరదు, అవి మీరే ఇవ్వాలి. లువాలో లూప్‌లో ఈ ఒక్క విడత వదిలేసి తర్వాతి దానికి వెళ్లే ‘కంటిన్యూ’ లేదు. ఆ లోటును లైబ్రరీతో పూడ్చలేరు. చివరికి 5.2 వెర్షన్‌లో ‘గోటు’ వచ్చాక, లూప్ చివర ఒక లేబుల్ పెట్టి దానికి దూకడం అలవాటైంది. ఒక చిన్న మాట లేకపోవడం వల్ల అంతకంటే పదునైన కత్తి చేతికొచ్చింది. నేనైతే ‘కంటిన్యూ’ ఇచ్చేసేవాణ్ని.

రెండో ప్రశ్న, ఇదే ముఖ్యమైనది: అందరూ రాసుకునేదే అయితే, అందరూ ఒకేలా రాస్తారా? గో భాషలో రెండు పూర్ణసంఖ్యల్లో చిన్నది తేల్చే ఫంక్షన్ 2023 దాకా భాషతో రాలేదు. రాసుకోవడానికి మూడు లైన్లు, కష్టమేం లేదు. కానీ ఎన్నో ప్రాజెక్టుల్లో ఆ మూడు లైన్లు ఎవరికి వాళ్లు రాసుకున్నారు. 1.21 వెర్షన్‌లో ‘మిన్’, ‘మ్యాక్స్’ భాషలోనే చేరాయి. ఇక్కడ నష్టం కేవలం టైపింగ్. లువాలో క్లాసుల సంగతి వేరు. భాషలో క్లాసు లేదు, మెటాటేబుల్‌తో (ఒక టేబుల్ ఎలా ప్రవర్తించాలో చెప్పే ఇంకో టేబుల్) ఎవరికి కావలసినట్టు వాళ్లు కట్టుకోవచ్చు. కట్టుకున్నారు కూడా, రకరకాలుగా. ఒక లైబ్రరీ క్లాసును ఇంకో లైబ్రరీ క్లాసుతో కలపాలంటే మధ్యలో అతుకులు వేయాలి. ఒకరి కోడ్ ఇంకొకరి కోడ్‌తో మాట్లాడే చోట ఉండే ఏ విషయాన్నైనా మీరే ఒక్క రూపంలో ఇవ్వండి. అది పరిపూర్ణంగా లేకపోయినా ఫర్వాలేదు, ఒక్కటే కావడం ముఖ్యం.

భాషతో వచ్చే లైబ్రరీ మరీ పలచగా ఉంటే ఏమవుతుందో 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రపంచం చూసింది. మాటకు ఎడమ వైపు ఖాళీలు నింపే లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని రాసిన వ్యక్తి దాన్ని ఎన్‌పీఎం అనే ప్యాకేజీల భండారం నుంచి తీసేశారు. అది పదకొండు లైన్ల కోడ్. దాని మీద ఆధారపడిన బేబెల్ లాంటి పెద్ద పెద్ద పనిముట్ల ఇన్‌స్టాలేషన్లు ఆగిపోయాయి. అదే పని చేసే పద్ధతి జావాస్క్రిప్ట్ 2017 ప్రమాణంలో చేరింది. నా విద్యార్థులు ప్రతి ఫైల్లో రాసుకున్నదీ సరిగ్గా ఈ పనే కాబట్టి ఈ కథ నన్ను వదలదు.

అలాగని అన్నీ పెట్టేయలేరు. రాతలో నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ల దగ్గర లువా ఏం చేసిందో చూడండి. పోసిక్స్ ప్రమాణం ప్రకారం రాస్తే నాలుగు వేల లైన్లకు పైగా అవుతుంది, అప్పటి లువా లైబ్రరీలన్నీ కలిపితే దాదాపు అంత. అందుకని తమ సొంత ప్యాటర్న్ పద్ధతిని ఐదు వందల లైన్ల లోపు రాసుకున్నారు. ‘ఇది గానీ అది గానీ’ అనే ఎంపిక అందులో లేదు. కానీ తేదీని ముక్కలు చేయడం, చివర ఖాళీలు తీసేయడం, ఫైల్లో ఒక మాట వెతకడం హాయిగా అవుతాయి. మినిమలిజం, ఉపయోగం ఒకదానికొకటి అడ్డు రాకుండా కుదిరిన చోటు ఇది. ‘పూర్తిగా పెట్టాలా, పూర్తిగా వదలాలా’ అని చిక్కుకున్నప్పుడల్లా, మీ పది ప్రోగ్రాముల్లో తొమ్మిదింటికి సరిపోయే చిన్న రూపం ఉందేమో వెతకండి.

నాలుగో చోటు, ‘వద్దు’. కొన్ని వదిలేస్తే వాడేవాడికి బరువు పెరగదు, తగ్గుతుంది. బేజెల్ అనే బిల్డ్ టూల్‌లో (కోడ్ నుంచి ప్రోగ్రాము తయారుచేసే పనిముట్టు) వాడే స్టార్‌లార్క్ భాషలో వైల్ లూప్ (షరతు నిలిచినంతసేపూ తిరిగేది) లేదు, మామూలుగా రికర్షన్‌కూ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) అనుమతి లేదు. బిల్డ్ ఫైలు ఎప్పటికీ ముగియకుండా తిరుగుతూ కూర్చునే ప్రమాదం దాంతో పోతుంది. ఇలాంటి వదిలివేత ఒక హామీ. మీరు వదిలేస్తున్న ప్రతిదానికీ ‘దీని వల్ల వాడేవాడికి ఏ హామీ దొరుకుతోంది’ అని అడగండి. జవాబు దొరక్కపోతే, మీరు కేవలం మీ పని తగ్గించుకుంటున్నారు.

4. సంఖ్యలు, అక్షరాల దగ్గర పొదుపు వద్దు

నేను ఎక్కువ మూల్యం చెల్లించింది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెబుతాను.

ఒకటే సంఖ్య రకం ఉంటే భాష ఎంతో తేలిక. నేనూ అలాగే, అన్నీ దశాంశాలు పట్టే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలే అని మొదలుపెట్టాను. ఇప్పుడొక నెల లెక్క చూడండి. మొత్తం ఖర్చు 4,12,350 రూపాయలు, అందరి హాజరు కలిపి 5,480 రోజులు. భాగిస్తే రోజుకు 75.246 చిల్లర వస్తుంది. దీన్ని 75.25 చేసి వసూలు చేస్తే 4,12,370 అవుతుంది, ఇరవై రూపాయలు ఎక్కువ. 75.24 చేస్తే దాదాపు ముప్పై ఐదు రూపాయలు తక్కువ. విద్యార్థుల డబ్బు లెక్క, తేడా రాకూడదు. ఒక సెక్రటరీ చివరి విద్యార్థి బిల్లులో తేడా మొత్తం కలిపేస్తే, ఇంకొకరు ఎక్సెల్‌లో చేత్తో సరిచేశారు.

రెండు మార్పులు చేశాను. డబ్బుకు వేరే రకం పెట్టాను, లోపల అది పైసల్లో పూర్ణసంఖ్య. ఇంకా ‘పంచు’ అనే ఫంక్షన్ భాషతోనే ఇచ్చాను. అది ముందు ప్రతి ఒక్కరి వాటాను పైసల్లో కిందికి దించి లెక్కకడుతుంది, మిగిలిపోయిన పైసల్ని ఎవరి చిల్లర ఎక్కువుందో వాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా వేస్తుంది. వాటాలన్నీ కూడితే మొత్తానికి పైసా తేడా లేకుండా సరిపోతుంది. భాష పెద్దదైంది, అందరి ఫైళ్లూ చిన్నవయ్యాయి.

లువా కూడా చాలా ఏళ్లు ఒకటే సంఖ్య రకంతో నడిచింది. ఆ రకం పూర్ణసంఖ్యల్ని 2కు 53వ ఘాతం దాకానే తప్పు లేకుండా పట్టుకోగలదు. 64 బిట్ల విలువలు మామూలైపోయాక అది చాలలేదు, 2015లో 5.3 వెర్షన్‌లో పూర్ణసంఖ్యలు విడిగా వచ్చాయి. అంత జాగ్రత్తగా ఫీచర్లు ఒప్పుకునేవాళ్లే ఒప్పుకోవాల్సి వచ్చిందంటే, మీరు మొదటి రోజే ఆలోచించడం మంచిది.

ఇక అక్షరాలు. ‘తెలుగు’ అనే మాట పొడవెంత? మనమైతే మూడు అంటాం. యూనికోడ్ సంకేతాలు లెక్కేస్తే ఆరు, పైథాన్, జావాస్క్రిప్ట్ అదే చెబుతాయి. యూటీఎఫ్-8 బైట్లు లెక్కేస్తే పద్దెనిమిది, లువా పొడవు గుర్తు అది ఇస్తుంది. స్విఫ్ట్‌లో అడిగితే మూడు వస్తుంది. ఏదీ అబద్ధం కాదు, ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. కానీ పేర్ల పట్టీలో నిలువు వరసలు సరిగ్గా రావాలని ఖాళీలు నింపుతున్న విద్యార్థికి బైట్ల లెక్క ఇస్తే, తెలుగు పేరున్న ప్రతి వరసా పక్కకు జరిగిపోతుంది. తిరగేసి రాయమంటే గుణింతపు గుర్తులు హల్లుల నుంచి విడిపోతాయి. మీ భాష వాడేది మనవాళ్లే అయితే, బైట్ల పొడవు, అక్షరాల పొడవు రెండూ వేరు వేరు పేర్లతో ఇవ్వండి. పొడవు అనే ఒక్క మాటతో సరిపెట్టకండి.

5. ఎర్రర్ సందేశాలు ఫీచర్ల లెక్కలోకి రావు

వ్యాకరణానికి ఒక్క గీత కూడా కలపకుండా భాషను ఎంతో పనికొచ్చేలా చేసే దారి ఇదే. ఏ లైను, ఏ పేరు, అక్కడ ఏముండాలి, ఏముంది. నా భాషలో ‘హాజరు’ అని రాయాల్సిన చోట ‘హజరు’ అని రాస్తే, మొదట్లో నిశ్శబ్దంగా సున్నా వచ్చేది. ఇప్పుడు ‘12వ లైనులో హజరు అనే పేరు లేదు, హాజరు అనుకున్నారా’ అని వస్తుంది. ఆ ఒక్క మార్పుతో నాకు వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి. అలాగే గోతో వచ్చే గోఫ్‌మ్ట్ లాగా, కోడ్‌ను ఒకే తీరులో సర్దిపెట్టే పనిముట్టు ఒకటి ఇవ్వండి. ఖాళీలు ఎక్కడ పెట్టాలన్న వాదన అక్కడితో ముగుస్తుంది.

6. అనుమానం ఉంటే ఆగండి, కానీ తలుపు మూసేయకండి

ఒకసారి ఇచ్చిన ఫీచర్‌ను వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో పైథాన్‌ను చూస్తే తెలుస్తుంది. ఒకటిని రెండుతో భాగిస్తే పైథాన్ 2లో సున్నా వచ్చేది, 3లో 0.5 వస్తుంది. ఇలాంటి దిద్దుబాట్లతో పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పాత వెర్షన్‌కు మద్దతు ఆగింది 2020 జనవరి 1న. దిద్దడానికి పదకొండేళ్లు.

గో దీనికి అవతలి వైపు. 2009లో బయటికొచ్చినా జెనరిక్స్ (ఒకే కోడ్ రకరకాల విలువలకు పనిచేసే వీలు) 2022 మార్చిలో 1.18తో గానీ రాలేదు. సరైన రూపం దొరికేదాకా ఆగామన్నారు, ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ ఆగిన కాలం ఖర్చు వాడేవాళ్లది. చాలా ఏళ్లు సొంత రకాల జాబితాను క్రమంలో పెట్టాలంటే పొడవు, పోలిక, మార్పిడి అని మూడు మెథడ్లు రాయాల్సి వచ్చేది. 2017లో 1.8 వెర్షన్ పోలిక ఒక్కటే ఇస్తే చాలనే ఫంక్షన్ తెచ్చి ఆ నొప్పిని కాస్త తగ్గించింది. నేను నేర్చుకున్నది ఈ మధ్య అడుగునే. పెద్ద ఫీచర్ ఆలస్యమవుతుంటే, దాని కోసం జనం ఎక్కువగా పడుతున్న ఒకటి రెండు పాట్లను మాత్రం లైబ్రరీతో ఇప్పుడే తీర్చండి.

ముందు ముందు కావాల్సి రావచ్చు అనిపించే మాటల్ని ఇప్పుడే రిజర్వు చేసి పెట్టండి. పైథాన్ 3.7లో ‘అసింక్’ కీవర్డ్ అయినప్పుడు, ఆ పేరుతో ఆర్గ్యుమెంట్లు ఉన్న లైబ్రరీలు పనిచేయడం మానేశాయి. రిజర్వు చేయడానికి ఖర్చేమీ లేదు.

కొత్తది చేర్చేటప్పుడు లువా ముగ్గురు రచయితలూ ఒప్పుకుంటేనే చేరుస్తారు. గో మొదలైనప్పుడు రాబ్ పైక్, కెన్ థాంప్సన్, రాబర్ట్ గ్రీసెమర్ కూడా ఇదే పద్ధతి పెట్టుకున్నారు. మీరు ఒక్కరే రాస్తుంటే, ఆ భాష వాడే ఇద్దర్ని కూర్చోబెట్టుకుని ఆ పద్ధతి పాటించండి.

7. తీసేసి చూడండి

భాష నడుస్తోంది అనుకున్నాక, ఒక్కో ఫీచర్‌ను తీసేసి మీ పది ప్రోగ్రాముల్ని మళ్లీ రాయండి. ఒక్కటీ పొడవు పెరగకపోతే ఆ ఫీచర్ వెళ్లిపోవచ్చు. ఇలా నేను రెండు తీసేశాను: ‘లేకపోతే’కు ఇచ్చిన పొట్టి గుర్తు ఒకటి, మాటల్ని కలపడానికి రెండో పద్ధతి ఒకటి. రెండూ నాకు ఇష్టమైనవే, కానీ ఎవరూ వాడలేదు.

తర్వాత ఎప్పుడూ చూడని ఒకరికి భాష ఇచ్చి, పక్కన కూర్చుని, నోరు విప్పకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగారో రాసుకోండి. ఏం కావాలని అడిగారో దానికంటే, ఎక్కడ కాపీ చేసుకున్నారో అది ఎక్కువ చెబుతుంది.

8. ‘లేనివి’ అనే పేజీ రాయండి

మాన్యువల్‌లో ఉన్నవాటి జాబితా అందరూ ఇస్తారు. మీరు వదిలేసినవాటికి కూడా ఒక పేజీ ఇవ్వండి. ప్రతిదాని పక్కనా కారణం, బదులుగా ఏం చేయాలో ఉండాలి. కారణం రాయలేకపోతే మూడో అడుగుకు మళ్లీ వెళ్లాలి. నా పేజీ ఈ రోజుకు ఇలా ఉంది:

వైల్ లూప్ లేదు. జాబితా మీదే తిరగాలి. నెలాఖరు రాత్రి బిల్లు మధ్యలో ఆగిపోకూడదని.

ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చుకునే దారి లేదు. హాజరు ఫైలు పక్కన పెట్టండి. ఏ లెక్క ఏ ఫైలుతో వేశారో తర్వాత చూసుకోగలగాలని.

డబ్బును డబ్బుతో గుణించడం కుదరదు. అలా రాశారంటే ఎక్కడో పొరపాటు జరిగింది, లైను నంబరు చెబుతుంది.

కొత్త రకాలు తయారు చేసుకునే వీలు లేదు. ఇప్పటిదాకా వచ్చిన ఏ ఫైల్లోనూ ఆ అవసరం కనిపించలేదు. మీకు కనిపిస్తే, ఆ ఫైలు నాకు పంపండి.